హైవే పక్క బొరియ

ఎర్రగుట్ట వాలులో, వేరుశనగ చేల గట్టున ఒక బొరియ ఉండేది. రెండు వాకిళ్ళు, మూడు గదులు. ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండేది. లోపం ఒక్కటే. గట్టివాన పడితే గుట్ట మీది నీళ్ళు వెనక గదిలోకి దిగేవి. పైన అడ్డంగా ఒక కాలువ తవ్వితే ఆ బాధ తీరిపోతుంది. కానీ అక్కడంతా గులకరాళ్ళ నేల. "ఈ ఏడు తవ్వేస్తా" అని ఇంటాయన నాలుగేళ్ళుగా అంటూనే ఉన్నాడు.

ఆ ఇంటాయన ముళ్ళపంది బొడ్డయ్య. ఇంటావిడ ఈటెలమ్మ. ఈటెలమ్మకు తన వంశమంటే మహా గర్వం. ఉండదూ మరి? వాళ్ళ అమ్మమ్మ తవ్విన బొరియ కప్పు ఈనాటికీ కూలలేదు. ఈటెలమ్మ తోకాడిస్తే ముళ్ళు గలగలమని మోగేవి. ముళ్ళపందుల ఇళ్ళలో ఆ గలగలే తల్లి పిలుపు. ఎక్కడ మేస్తున్నా, ఏ ఆపద వచ్చినా, అది వినబడగానే పిల్లలు తల్లి దగ్గరికి పరుగెత్తాలి. ఈటెలమ్మ పిల్లలిద్దరూ అప్పుడప్పుడే వాకిలి దాటడం నేర్చుకుంటున్నారు.

ఆ ఏడు తొలకరికే వెనక గది తడిసింది. అది చూసి నక్క తేనప్ప వచ్చాడు. పేరుకు తగ్గ నోరు వాడిది.

"వదినా, పిల్లల తల్లివి. ఈ తేమలో ఎలా ఉంటావు? నా బొరియ హైవే కట్ట మీద ఉంది. ఎత్తు మీద ఇల్లు, చుక్క నీరు నిలవదు. నేను ఒంటరిగాణ్ణి, ఎక్కడున్నా ఒకటే. నువ్వు నాది తీసుకో, నేను మీది తీసుకుంటా."

"హైవే పక్కనా? లారీల మోత భరించేదెవరు మరిదీ?"

"ఏ లారీలు? అవతల కొత్త రోడ్డు పడింది వదినా. ఇది మూలపడింది. చీమ కూడా నడవడం లేదు. కావాలంటే వచ్చి చూసుకో. కానీ ఇవాళే రా. అడవిపిల్లి అప్పుడే రెండుసార్లు అడిగి వెళ్ళింది."

"ఒకసారి చూస్తే పోయేదేముందే?" అన్నాడు బొడ్డయ్య. చూపు కాలువ తవ్వాల్సిన రాళ్ళ మీద ఉంది.

"నీకు కాలువ తప్పుతుందని నీ సంబరం" అంది ఈటెలమ్మ. కానీ తడి గది గుర్తొచ్చి బయల్దేరింది. పెద్దమనిషిగా ఉంటాడని ఉడుము మామను వెంట పిలిచింది. అడవిలో ఇల్లు చేతులు మారితే సాక్షిగా ఉడుము మామే నిలబడాలి. పట్టిన పట్టు విడవడు, విన్న మాట మార్చడు.

వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. నాలుగు వరసల రోడ్డు నల్లగా, నిశ్శబ్దంగా పడి ఉంది. నిజంగానే ఒక్క బండి లేదు. బొరియ పొడిగా, విశాలంగా ఉంది.

"బాగుంది. అయినా మా అమ్మమ్మ పరీక్ష ఒకటుంది" అంది ఈటెలమ్మ. "ఏమయ్యా, నువ్వు లోపలికి పోయి పడుకో. నేను ఇరవై అడుగుల అవతలి నుంచి ముళ్ళు ఆడిస్తా. వినబడితే బయటికి రా."

ఆమె ఆడించింది. వెంటనే బొడ్డయ్య ముక్కు బయటికొచ్చింది. ఈటెలమ్మ మెడ ఎత్తి, "చూశావా మామా, మూడు తరాల పరీక్ష. తప్పేది లేదు" అంది.

ఇక మిగిలింది ముల్లు పాతడం. ముళ్ళపంది తన ఒంటి ముల్లు ఒకటి పీకి గడప దగ్గర పాతిందంటే ఆ ఇల్లు తనదైనట్టు, పాత ఇల్లు వదులుకున్నట్టు. తర్వాత ఏడ్చినా తిరిగి రాదు. ఈటెలమ్మ వీపు మీద మంచి ముల్లు వెతుక్కుంటూ అక్కడే ఆగింది.

ఈలోగా తేనప్ప, బొడ్డయ్య పక్కకు చేరి రహస్యం ఊదాడు. "అన్నా, నీకు మాత్రమే చెబుతున్నా. ఆ మలుపు దగ్గర లారీలు కుదుపుకు ఎగురుతాయి. పూటకు నాలుగైనా దుంపలు రాలతాయి. కూర్చున్నచోటే తిండి. వదినతో అనకు."

వాడు చెవిలో ఊదాననే అనుకున్నాడు. కానీ ఆ మాట ఇరవై అడుగుల అవతల ఉన్న ఈటెలమ్మకు అక్షరం పొల్లుపోకుండా వినబడింది. ఉడుము మామకూ వినబడింది.

ఈటెలమ్మ చెయ్యి వీపు మీదే ఆగిపోయింది. లారీలే తిరగని రోడ్డు మీద దుంపలు ఎలా రాలతాయి? అదొక్కటేనా? రహస్యాన్ని కూడా కేకేసి చెప్పేటంత గొంతు వీడికెక్కడిది? రాత్రింబవళ్ళు మోతలో బతికినవాడికి తప్ప రాదు. అప్పుడామె రోడ్డు వైపు సరిగ్గా చూసింది. మూలపడిన దారైతే పగుళ్ళలో గరిక మొలవాలి కదా. ఇక్కడ ఒక్క పోచ లేదు. దూరాన వంతెన దగ్గర అడ్డంగా రాళ్ళు పెట్టి ఉన్నాయి. మరమ్మతు కోసం నాలుగు రోజులు ఆపారన్నమాట. ఆ నాలుగు రోజుల్లోనే ఇల్లు అంటగట్టాలని వీడి తొందర.

నన్ను, మా అమ్మమ్మ మనవరాల్ని మోసం చేద్దామనుకున్నాడా అని ఆమెకు ఒళ్ళు మండింది. అయినా ముళ్ళు లేపలేదు. మెల్లగా నడిచి వచ్చింది.

"మరిదీ, ఇల్లు నచ్చింది. కానీ చిన్న మాట. ఎనిమిది రోజుల్లో ఈ రోడ్డు మీద ఒక్క లారీ తిరిగినా, ఎర్రగుట్ట బొరియ పైన వానకాలువ నువ్వే తవ్వాలి. తోక మీద ఒట్టెయ్యి."

నక్క లోలోపల నవ్వుకున్నాడు. ఇల్లు మారాక ఆ బొరియ ఎవరిది? తనదే. కాలువ తవ్వినా తన ఇంటికే కదా.

"అంతేనా? ఉడుము మామ సాక్షిగా, నా తోక మీద ఒట్టు."

"విన్నాను" అన్నాడు ఉడుము మామ.

"అయితే ఇక వెళ్ళొస్తాం" అంది ఈటెలమ్మ. "పదవయ్యా."

"అదేంటి వదినా, ముల్లు పాతవా?"

"మా వాళ్ళు ఇల్లు రెండుసార్లు చూస్తారు మరిదీ. ఒకసారి సద్దు లేనప్పుడు, ఒకసారి సందడిలో. రెండోసారి లారీలు తిరిగాక వస్తా."

తేనప్ప పరుగున వచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు. "అట్లాగైతే ఒట్టు చెల్లదు. నేను ఇల్లు మారతారని వేశాను."

"ఇల్లు మారడం మీద వేయలేదురా" అన్నాడు ఉడుము మామ. "రోడ్డు మీద లారీ తిరగడం మీద వేశావు. నేను విన్నది అదే. ఎక్కడైనా అదే చెబుతా."

దారిలో బొడ్డయ్య సణిగాడు. "దుంపలు పోయాయి."

"పోతే పోనీ. లారీలు తిరిగాక అదే చోట మళ్ళీ పరీక్ష నువ్వే ఇద్దువుగాని" అంది ఈటెలమ్మ.

మూడో రోజు వంతెన దగ్గర రాళ్ళు తీసేశారు, లారీలు మొదలయ్యాయి. ఆ సాయంత్రమే వాళ్ళు మళ్ళీ వెళ్ళారు. కట్ట మీద నిలబడితే కాళ్ళ కింద నేల వణుకుతోంది. బొడ్డయ్య లోపలికి దూరాడు. ఈటెలమ్మ ఇరవై అడుగుల దూరం నుంచి ముళ్ళాడించింది. రాలేదు. పది అడుగులకు వచ్చి ఆడించింది. రాలేదు. చివరికి వాకిట్లో నిలబడి తోక నొప్పి పుట్టేదాకా ఆడించింది. లోపలికి వెళ్ళి ముక్కు పట్టి లాగితే గాని బొడ్డయ్య కదల్లేదు. ఆయన వీపు నిండా కప్పు నుంచి రాలిన మన్ను.

"పిలిచావా?" అని అరిచాడు.

ఈటెలమ్మకు ఆయన స్థానంలో తన పిల్లలు ఉన్నట్టు, తను బయట పిలుస్తూనే ఉన్నట్టు ఒక్క క్షణం అనిపించింది. బొడ్డయ్యను బయటికి నెట్టుకొచ్చి అడిగింది. "దుంపలు కావాలా ఇంకా?"

"మన ఇంటికి పోదామే" అన్నాడు బొడ్డయ్య.

తోక మీద ఒట్టు తప్పిన నక్కను తోటి నక్కలు ఊళకు పిలవవు. ఒంటరి నక్కకు ఆ ఊళ కూడా లేకపోతే ఇక బతుకేముంది? అందుకని తేనప్ప మర్నాడే ఎర్రగుట్టకు వచ్చాడు. గులకరాళ్ళ నేలలో గోళ్ళు అరిగేలా ఏడు రోజులు తవ్వాడు. బొడ్డయ్య నీడలో కూర్చుని, "కాస్త ఏటవాలుగా తమ్ముడూ" అని మేస్త్రీలా చెబుతూ వచ్చాడు. ఈటెలమ్మ రోజూ వచ్చి లోతు చూసి, ఒకచోట నచ్చక మళ్ళీ తవ్వించింది. పని విషయంలో ఆ వంశం రాజీపడదు.

ఎనిమిదో రోజు కుండపోత వాన. గుట్ట నీళ్ళన్నీ కాలువలో పడి పక్కకు మళ్ళి వాగులోకి పోయాయి. వెనక గదిలో పిల్లలిద్దరూ పొడినేల మీద హాయిగా నిద్రపోయారు. ఈటెలమ్మ వాకిట్లో నిలబడి, ఒక్కో ముల్లూ నిక్కబొడుచుకునేలా ఆ కాలువను తనివితీరా చూసుకుంది.

ఆ దారినే పోతున్న కుందేలు, మట్టికొట్టుకుపోయిన తేనప్పను ఆపి అడిగింది. "అంత చక్కని కాలువ ఎవరింటికి తవ్వావు బావా?"

తేనప్ప అలవాటు కొద్దీ గుట్టంతా వినబడేలా అన్నాడు. "నా ఇంటికే అనుకుని ఒప్పుకున్నా."

కొనబోయే ఇంటిని సెలవు రోజున కాదు, సంత రోజున చూడాలి.