గవరయ్య కుడిచెయ్యి

"నలుగురూ ఒకే మాట అన్నాక ఐదోవాడు మళ్లీ ఆలోచించడం దేనికండీ?" అని కనకలింగం ఒకనాడు గురువుగారిని అడిగాడు. ఐదుగురు శిష్యుల్లో అతనే ఆఖరివాడు. ఆ వైద్యశాలలో నాడి చూడటమూ ఫలితం చెప్పటమూ పెద్దవాడితో మొదలవుతాయి. అతని దాకా వచ్చేసరికి "అవునండి" అనడం తప్ప పనేమీ ఉండదు. అది అతనికి హాయిగానే ఉండేది.

గురువు పేరయ్యశాస్త్రిగారికి వాదన సరిపడదు. మర్నాడు తాటిచెట్లు గీసే గవరయ్యను చాప మీద పడుకోబెట్టి, మెడదాకా దుప్పటి కప్పి, కుడిచెయ్యి మాత్రం బయట పెట్టించారు. మనిషి ఎండి పుల్లయిపోయాడు. పక్కన భార్య సింహాలు గంజిముంతతో కూర్చుంది.

"మీరంతా కలిసి తేల్చిందే వైద్యం" అన్నారు శాస్త్రిగారు.

పెద్ద శిష్యుడు విశ్వపతి మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "పైత్యం ముదిరింది. వారం లంఖణాలు పెట్టాలి" అన్నాడు. తర్వాతి ముగ్గురూ వరసగా పట్టుకుని అదే అన్నారు. కనకలింగం వేళ్లకు ఏమీ తగల్లేదు. జరిపి చూశాడు, నొక్కి చూశాడు. "పైత్యమేనండి" అన్నాడు. ముంత తీసెయ్యడం చిన్నవాడి పని గనక చెయ్యి చాచాడు. సింహాలు వదల్లేదు.

"వారం గంజి లేకపోతే మనిషి దక్కుతాడా బాబూ?"

"ఐదుగురం చూసే చెప్పాం కదమ్మా" అని లాక్కున్నాడు.

అప్పుడు శాస్త్రిగారు నోరు విప్పారు. "ఆ చేతికి నాడి ఆడదు. కుర్రతనంలో చెట్టు మీంచి పడ్డప్పుడు పోయింది. ఎడమది చూడు."

చూశాడు. ఉందో లేదో అన్నట్టుంది. పైత్యమూ లేదు, పాడూ లేదు. తిండిలేక చిక్కిపోయిన మనిషి నాడి అది. లంఖణాలు పెడితే రెండు రోజులు కూడా నిలవడు. కనకలింగం గబగబా ముంత సింహాలు చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"నాకేమీ దొరకలేదండి" అన్నాడు. "నా వేళ్లకే చేతకాలేదనుకున్నాను."

నాలుగోవాడు నెమ్మదిగా "నాకూ దొరకలేదు" అన్నాడు. మూడోవాడూ, రెండోవాడూ అదే అన్నారు. ఇక అందరూ విశ్వపతి వంక తిరిగారు. కనీసం అతనికైనా ఏదో తెలిసే ఉంటుందని వాళ్ల ఆశ.

"నాకూ దొరకలేదు" అన్నాడతను తలెత్తకుండా. "పెద్దవాణ్ణి, ఆ మాట అంటే మీరు నవ్వుతారని..."

గవరయ్య గంజి తాగుతున్న చప్పుడే వినబడింది. శాస్త్రిగారు కనకలింగం వైపు చూశారు.

"మరి ఇందాక మీరు చూసింది ఎవరి నాడి నాయనా?" అన్నారు.