గుమ్మంలో చేట

ట్రయల్ రోజున ఇందుమతి గారు వట్టి చేతులతో బయలుదేరరు. సంచిలో గుప్పెడు కనకాంబరాలు, ఒక దారపు ఉండ ఉండి తీరాలి. వైకల్యం ఉన్నవాళ్లకి ఒక్కొక్కరి తీరును బట్టి తగిన పని వెతికిపెట్టడం ఎలాగో మాబోటి వాళ్లకి నేర్పడం ఆవిడ వృత్తి. మేం తీసుకెళ్లిన మనిషి యజమాని ఎదుట పని చేసి చూపిస్తున్నంతసేపూ ఆవిడ ఓ మూల కూర్చుని మాల కట్టుకుంటూ ఉంటారు. పెద్దావిడకి పూల పిచ్చి అని మేం చాటున నవ్వుకునేవాళ్లం. ఆవిడ తలలో ఏనాడూ పువ్వు చూడలేదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

మా అందరిలోకీ భానోజీది జాలిగుండె. అంతకు ముందు నెల ఒక బేకరీలో ట్రయల్ జరిగితే, తను తీసుకెళ్లిన మనిషి తడబడుతున్నాడని, యజమాని అటు తిరిగినప్పుడల్లా అట్టపెట్టెలు తనే గబగబా మడిచి పెట్టేశాడు. ఆ మనిషికి ఉద్యోగం వచ్చింది. నాలుగో రోజున పోయింది. చివరికి భానోజీయే ఇందుమతి గారిని అడిగాడు: "అమ్మా, కళ్లెదుట మనిషి ఓడిపోతుంటే చెయ్యందించకుండా కూర్చోవడం పాపం కాదా?"

"గురువారం దమయంతి ట్రయల్ ఉందిగా, నేనూ వస్తాను," అన్నారావిడ. జవాబు అంతే. తర్వాత జరిగింది భానోజీ నాకు స్వయంగా చెప్పాడు, తన తప్పు దాచుకోకుండా.

దమయంతికి ఇరవై నాలుగేళ్లు. మాట తక్కువ, లెక్క రాదు, కొత్తవాళ్లని చూస్తే గోడకి అంటుకుపోతుంది. తల్లి ఢిల్లమ్మ తెల్లవారుతూనే చేపల గంప ఎత్తుకుని, కూతుర్ని ఇంట్లో ఉంచి, బయట తాళం వేసి వెళ్తుంది. పొద్దుగూకాక వచ్చి తీస్తుంది. పదేళ్లుగా ఇదే వరస. తాళం వెయ్యని ఒకే ఒక్క రోజున పిల్ల రైలు పట్టాల మీద దొరికింది కాబట్టి ఆ తల్లిని తప్పుపట్టే నోరు మాకెవరికీ లేదు.

భానోజీ నెల రోజులు సాయంత్రం పూట ఆ ఇంటికి వెళ్లాడు. దమయంతి పగలంతా ఏరి ఉంచిన బియ్యంలో ఒక్క రాయి దొరకలేదు. ఆమె వేళ్ల ఒడుపు గురించి, ఓపిక గురించి పన్నెండు పేజీలు రాసుకున్నాడు. ఉద్దానంలో జీడిపప్పు కార్ఖానా నడిపే కూర్మారావుకి, పప్పులో పెంకు ముక్కలు వస్తున్నాయని సరుకు రెండుసార్లు వెనక్కి వచ్చింది. అక్కడి ఆడవాళ్లకి గుండు పప్పునీ బద్ద పప్పునీ విడదీయడంతోనే పొద్దు చాలడం లేదు. డబ్బాలకి ఎత్తే ముందు చివరిసారి చూసే మనిషి లేదు. ఆ లేని ఉద్యోగాన్ని దమయంతి కోసం పుట్టించాడు భానోజీ. అది అతని గొప్పే, కాదనను.

గురువారం ఢిల్లమ్మ గంప మానుకుని కూతుర్ని తీసుకొచ్చింది. తాళం కప్ప కొంగున ముడేసుకుని ఉంది. "ఇది కాపోతే మరి మాయింటికి రాకండి బాబూ," అంది. "ఆశ పెట్టీసి తీసీడం దానికి మంచిది కాదు. తాళానికి అలవాటైపోనాది. ఉండిపోద్ది."

కూర్మారావు చేటలో పప్పు పోసి, భానోజీ చూస్తుండగా ఐదు పెంకు ముక్కలు కలిపాడు. "నాలుగింటికి లారీ ఎల్లిపోద్ది. ఈలోపల ఐదూ తియ్యాల. ఒకటొదిలీసినా నాకు పనికిరాదు," అన్నాడు. దమయంతిని ట్యూబులైటు కింద బల్ల ముందు కూర్చోబెట్టారు. ఇందుమతి గారు పూలు సగం భానోజీ ఒళ్లో పోసి, దారం తెంపి ఇచ్చారు.

"కట్టు," అన్నారు.

మొదటి నాలుగూ అరగంటలో వచ్చాయి. ఐదోది రాలేదు. చేట అంచున, పప్పు రంగులోనే ఉన్న ముక్క అది. ఎక్కడ పడిందో ముందే చూసిన భానోజీకి కనబడుతూనే ఉంది. దమయంతి వేళ్లు దాని పక్కనుంచి ఒకసారి పోయాయి, రెండోసారీ పోయాయి. ఆమె కళ్లు చికిలించుకుంటోంది. గడియారం మూడున్నర దాటింది. ఢిల్లమ్మ కొంగు ముడిని పిసుకుతోంది. కూర్మారావు లారీ డ్రైవరు పిలిస్తే అటు తిరిగాడు. ఒక్క వేలు చూపిస్తే చాలు, ఆ పిల్ల బతుకు మారిపోతుంది. భానోజీ లేవబోయాడు.

"పూలు," అన్నారు ఇందుమతి గారు, తలెత్తకుండానే.

అతను కూలబడ్డాడు. ఆ క్షణంలో ఆవిడంత రాతిగుండె మనిషి లోకంలో లేదనిపించిందట.

దమయంతి చటుక్కున చేట ఎత్తుకుని లేచింది. నాలుగు పలుకులు కింద పడ్డాయి. ఎవరి వైపూ చూడకుండా తలుపు కేసి నడిచింది. "ఎల్లిపోతంది! అయిపోనాది కదేటి," అన్నాడు కూర్మారావు. ఢిల్లమ్మ వెనకాల పరిగెత్తబోతే ఇందుమతి గారు చెయ్యి పట్టుకుని ఆపారు.

దమయంతి వెళ్లిపోలేదు. బస్తాలు మోసేవాళ్లు నడిచే గుమ్మంలో, పడమటి ఎండ పడేచోట చతికిలబడింది. చేట ఒళ్లో పెట్టుకుని వెలుతురుకి ఏటవాలుగా వంచింది. పప్పు మెల్లగా జారింది. ఐదో ముక్క తీసి గడప మీద పెట్టింది. అక్కడితో ఆగలేదు. మళ్లీ వంచి, ఇంకొకటి తీసి దాని పక్కన పెట్టింది.

కూర్మారావు వంగి చూశాడు. "నాను ఐదే ఏసినాను," అన్నాడు నెమ్మదిగా. ఆరోది ఎవరూ వెయ్యనిది. అతని సరుకుని వెనక్కి తెస్తున్నది అలాంటి ముక్కే.

"ఇంటికాడా అంతే బాబూ," అంది ఢిల్లమ్మ. "తాళం ఏసీసినాక కిటికీ కాడే కూకుంటాది. ఎండ ఎటు తిరిగితే అటు తిరిగి ఏరతాది." రోజూ ఢిల్లమ్మ వచ్చి తాళం తీసి, లైటు వేశాకే భానోజీ ఆ ఇంటికి వెళ్లాడు. పన్నెండు పేజీల్లో ఎక్కడా కిటికీ లేదు.

బస్తాలతో ఇద్దరు కూలీలు వచ్చి గుమ్మం బయట నిలబడిపోయారు. "దారికడ్డంగా కూకుంటే బస్తాలెలాగెల్తాయి?" అని కసిరాడు కూర్మారావు. కూర్మారావు దమయంతి వైపు కాసేపు చూసి, గొణుక్కుంటూ వెళ్లి, వెనక తలుపు గడియ తనే తీశాడు. "ఇకమీదట ఇటునుంచి తెండర్రా," అని కేకేసి, ఢిల్లమ్మని అడిగాడు: "రేపు ఎన్నింటికొస్తాదమ్మా?"

ఢిల్లమ్మ బావురుమంది. కొంగు ముడి విప్పి తాళం కప్ప తీసింది గానీ, దాన్ని ఏం చెయ్యాలో తెలియక చేత్తో పట్టుకునే నిలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాపులో భానోజీ, "అమ్మా, నేను గానీ అప్పుడు వేలు చూపించి ఉంటే ఆ పిల్ల ట్యూబులైటు కిందే ఉండిపోయేది," అన్నాడు. ఇందుమతి గారు అతని చేతుల కేసి చూశారు. దారం వేళ్లకి చుట్టుకుని చిక్కుపడి ఉంది. పూలన్నీ అరచేతిలో నలిగిపోయాయి. ఒక్కటీ ముడిపడలేదు. ఆవిడ సంచిలోంచి దారపు ఉండ తీసి అతని జేబులో పెట్టారు.

"ఆ పిల్లకి పని దొరికింది భానోజీ," అన్నారు. "ఇంక నీ చేతులకి దొరకాలి."