తుర్రి జరిపిన ఐదు పుల్లలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన ఒక గోధుమ చేను. అడవిలో గోధుమ చేను ఎక్కడిదని అడక్కండి. పందిమామ ముట్టెతో దున్నాడు, కుందేళ్లు విత్తనం వేశాయి, ఏనుగు తొండంతో నీళ్లు పెట్టింది. అంతే.

కిందటి ఏడు ఆ చేను పేనుబంక పాలైంది. పేనుబంక అంటే ఆకుపచ్చటి పురుగు. ఆవగింజంత కూడా ఉండదు. ఒకటీ అరా ఉంటే ఏమీ కాదు. వేలల్లో చేరి రసం పీల్చేస్తే మాత్రం గింజ తాలైపోతుంది. ఆ వేసవంతా జంతువులు వేర్లు తవ్వుకుని తిన్నాయి. గౌరక్క అనే కుందేలుకు ఆరుగురు పిల్లలు. వేసవి దాటేసరికి నలుగురు మిగిలారు.

అందుకని ఈ ఏడు చేను చూసి రావడానికి ఒకర్ని పెట్టాలనుకున్నారు. అందరిలోకీ పెద్దదైన తాబేలవ్వ ఆ పనికి తుర్రిని పిలిచింది.

తుర్రి ఒక పూరేడు పిట్ట. కాలు ఒక చోట నిలవదు. పని చెప్తే సగంలో ఎగిరిపోతుందని అప్పటిదాకా దానికి ఎవరూ ఏ పనీ చెప్పలేదు. కానీ దానికి లెక్కపెట్టడం వచ్చు. వాగులో గులకరాళ్లు పెట్టుకుని తనంతట తనే నేర్చుకుంది.

"చేను లోపల ఐదు చోట్ల ఐదు పుల్లలు గుచ్చాను," అంది తాబేలవ్వ. "పుల్ల పక్కనున్న మొక్కని మొదలు నుంచి వెన్ను దాకా చూడు. ఆకు తిప్పి అడుగున కూడా చూడు. ఐదు మొక్కల మీదా కలిపి ఎన్ని పురుగులుంటే అన్ని చెప్పు. యాభై దాటితే వాగు అవతల ఉన్న అక్షింతల పురుగులకి, అదే, ఎర్ర రెక్కల మీద నల్ల చుక్కలుండేవాటికి, కబురు పెడదాం. అవి వచ్చి పేనుబంకని తినేస్తాయి."

"నలభై తొమ్మిది ఉంటే?"

"నలభై తొమ్మిదని చెప్పు."

"మరి మిగతా చేనంతా ఎవరు చూస్తారు?"

"అందరం దిగితే చేను తొక్కేస్తాం. ఆ ఐదు మొక్కలే చేనంతటి సంగతీ చెప్తాయి. చూడు, లెక్కపెట్టు, వాటిని మాత్రం ముట్టుకోకు."

ముట్టుకోనంది తుర్రి. అన్నప్పుడు నిజంగానే అంది.

మొదటి రోజు వెళ్లి చూసి వచ్చి, "పన్నెండు," అని చెప్పింది.

పందిమామ మొహం మాడ్చుకున్నాడు. "పొద్దున్నే మంచి మాటే పట్టుకొచ్చావు," అన్నాడు. గౌరక్క పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. "నిన్నటిదాకా లేవు కదా, ఇది అడుగు పెట్టగానే వచ్చాయేం?" అంది ఏనుగు. పన్నెండు పెద్ద లెక్క కాదని తాబేలవ్వ చెప్తూనే ఉంది. ఎవరూ వినలేదు. ఆ పన్నెండు పురుగుల్నీ తనే రెక్క కింద పెట్టుకుని మోసుకెళ్లినట్టు అనిపించింది తుర్రికి.

రెండో రోజు పద్నాలుగు ఉన్నాయి. తుర్రికి ఎలాగూ ఆకలేస్తోంది. పది తినేసింది. వెనక్కి వచ్చి, "నాలుగు," అంది.

"నాలుగేనా?" అన్నాడు పందిమామ. తన దుంపలో సగం విరిచి పెట్టాడు. "ఈ పిల్ల పనికొస్తుందర్రా."

తను అబద్ధం చెప్పలేదనుకుంది తుర్రి. చెప్పే వేళకి నాలుగే ఉన్నాయి.

తరవాత ఆ మొక్కల ఆకులు పసుపెక్కాయి. చూడ్డానికి బాగాలేవని వాటిని తుంచేసింది. "రెండు," అంది ఆ రోజు. ఏనుగు కూడా తల ఊపింది.

ఆ తరవాత ఒక మొక్క మీద ఎంత తిన్నా తరగనన్ని పురుగులు చేరాయి. తుర్రి పొట్ట నిండిపోయింది, పురుగులు మాత్రం అయిపోలేదు. కాసేపు ఆలోచించింది. ముక్కుతో పుల్ల పీకి, శుభ్రంగా ఉన్న ఇంకో మొక్క పక్కన గుచ్చింది. మర్నాడు ఇంకో పుల్ల. వారం తిరిగేసరికి ఐదు పుల్లలూ చేను లోపలి నుంచి గట్టు వారకి వచ్చేశాయి. అక్కడ గాలి బాగా ఆడుతుంది, పురుగు నిలవదు.

"సున్నా," అంది తుర్రి.

గౌరక్క దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది. "తుర్రీ, ఈ వేసవికి నా పిల్లలకి తిండికి ఢోకా లేదుగా?"

"లేదక్కా," అంది తుర్రి.

మర్నాడు గట్టు మీద చీమల బారు కనబడింది. అన్నీ చేను లోపలికే పోతున్నాయి.

"ఇంతమంది ఎక్కడికి?" అని అడిగింది తుర్రి.

"పనికి," అంది ఒక చీమ. "నడిమధ్యన పేనుబంక పాకం కారుస్తోంది. మోయలేక నడుములు పడిపోతున్నాయి."

"అక్కడ పురుగు లేదే."

చీమ ఆగి చూసింది. "రోజూ చూసేది నువ్వే కదమ్మా," అని బారులో కలిసిపోయింది.

తుర్రి చేను మధ్యకి వెళ్లింది. కాళ్లకి ఆకులు జిగురుగా అంటుకున్నాయి. వెన్నుల మీద మసిలాంటి నల్ల బూజు పట్టింది. ఒక్క మొక్క మీదే మూడొందల దాకా లెక్కపెట్టి ఆపేసింది.

ముందు వాగు దాటి పారిపోదామనుకుంది. వాగు దాకా వెళ్లింది కూడా. అక్కడ కూర్చుని, "ఇవన్నీ నిన్నటికి నిన్న వచ్చి పడ్డాయి," అని మూడు సార్లు అనుకుని చూసింది. మూడోసారికి తనకే నమ్మబుద్ధేసింది. ఆ మాటే చెప్దామని వెనక్కి బయల్దేరింది.

దారిలో గౌరక్క పిల్లలు ఆడుకుంటున్నారు. నేలలో ఐదు పుల్లలు గుచ్చారు. ఒక పిల్ల వాటి చుట్టూ తిరిగొచ్చి, "సున్నా," అంటోంది. మిగతా ముగ్గురూ గంతులేస్తున్నారు.

"ఏం ఆటరా ఇది?"

"నీ ఆటే పిన్నీ. సున్నా అంటే మాకు అన్నం ఉంటుందట. అమ్మ చెప్పింది."

తుర్రి తిన్నగా తాబేలవ్వ దగ్గరికి వెళ్లింది. అందరి ముందూ చెప్పింది. తిన్నవి, తుంచినవి, జరిపినవి, ఏదీ వదల్లేదు.



"అక్షింతల పురుగులకి కబురు పెట్టండి," అంది తాబేలవ్వ. "తిట్లు తరవాత."

అవి రావడానికి రెండు రోజులు పట్టింది. వచ్చి తిన్నాయి. గట్టు వైపు సగం చేను దక్కింది. మధ్య సగం తాలు. ఆ వేసవి అందరూ ఒక పూటే తిన్నారు. తుర్రికీ అందరితో సమానంగానే పెట్టారు. గౌరక్క పిల్లలు నలుగురూ బతికారు, బాగా చిక్కిపోయారు. గౌరక్క మాత్రం వానలు పడేదాకా తుర్రితో మాట్లాడలేదు.

మళ్లీ విత్తనాల వేళ వచ్చింది. ఈసారి చేను ఎవరు చూస్తారన్నది మాట. తుర్రి ఏనుగు కాలి వెనక్కి జరిగింది.

"తుర్రి," అంది తాబేలవ్వ.

"మళ్లీ అదేనా?" అన్నాడు పందిమామ.

"చేను చూసే పనిలో ఏయే చోట అబద్ధం పడుతుందో మనలో దానికొక్కదానికే తెలుసు. ఇంకొకరిని పెడితే అవన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటారు. ఇంకో మాట. అది పన్నెండు అంటే మీరు దాని మొహం చూడకండి, చేను వైపు చూడండి."

పందిమామ నేలని కాసేపు ముట్టెతో గీరాడు.

"అయితే పుల్లలు నేను గుచ్చుతాను," అన్నాడు. "లోతుగా."

నీతి: చూసి రమ్మని పంపితే చూసిందే చెప్పాలి, చెడ్డ కబురు తెచ్చినవాళ్ల మీద విసుక్కుంటే, రేపటి నుంచి మంచి కబుర్లే వస్తాయి, పంట రాదు.