దండోరా ఎవరి పేరున?

రాజు పోతే, కూతురు కామసానికి పదహారు నిండేదాకా రాజ్యం చూడమని రాణి తన తమ్ముడు గుండమరాజు చేతికి రాజముద్రిక ఇచ్చింది. రేపటితో గడువు తీరుతుంది. ఆ సిగ్గులేని మనిషి ఇవాళ కొలువుకు దండోరా వేసే ఓబులేసును పిలిపించాడు.

"ఈ రాజ్యంలో ఆడదాని ఆజ్ఞ ఏనాడూ చెల్లదని చాటు."

చాటిందే అక్కడ శాసనం. కామసాని పళ్లు బిగించి నిలబడింది. సభలో ఒక్క పెద్దమనిషీ పెదవి విప్పలేదు. ఓబులేసుకు ఒళ్లు మండింది.

"ఎవరి ఆజ్ఞో ముందు చెప్పనిదే మేము డప్పు మీద దెబ్బ వెయ్యం దొరా. ఎవరి పేరు చెప్పను?"

"నా పేరేరా, మూర్ఖుడా. అధికారం నాదే కదా."

"ఎవరిచ్చారని జనం అడుగుతారు."

"మా అక్క ఇచ్చింది."

"అక్కగారు ఆడమనిషే కదా. ఆడవాళ్ల ఆజ్ఞ ఏనాడూ చెల్లదంటే, తమకిచ్చిన అధికారమూ చెల్లదు. అప్పుడు తమరిక్కడ చుట్టపుచూపుగా వచ్చినవారే. చుట్టాల మాటకు నేను డప్పు కొట్టను. చెల్లుతుందంటారా, రేపటినుంచి అమ్మాయిగారి మాటే వింటాను."

గుండమరాజు సభవైపు చూశాడు. పెద్దమనుషులు ఈసారీ పెదవి విప్పలేదు.

"పొద్దున్నే ముద్రిక తెచ్చి నా చేతిలో పెట్టు, మామా," అంది కామసాని. "ఓబులేసు డప్పు మంటకు కాచుకుని సిద్ధంగా ఉంటాడు."