దండెం మీది ఆకాశం

ఒక ఊళ్లో లోకాలు నేసేవాళ్లు ఉండేవారు. సాయంత్రమైతే జనం ఆ లోకాల్లోకి వెళ్లి, వేరే మొహాలు పెట్టుకుని ఆడుకుని, అన్నం వేళకి ఇళ్లకు తిరిగొచ్చేవారు.

లోకంలో అన్నిటికంటే నెయ్యడానికి కష్టమైంది ఆకాశం. ఒకామె దాన్ని నేసి వీధిలో దండెం మీద వేసింది. ఎవరైనా తీసుకోవచ్చు. ఎంతమంది తీసుకున్నా దండెం మీద అది అలాగే ఉండేది. ఆచారం ఒక్కటే: అందులో ఏదైనా బాగుచేసినవాళ్లు ఆ ముక్కను తెచ్చి మళ్లీ దండెం మీద వెయ్యాలి.

ఆ ఆకాశంలో ఒక లోపం ఉంది. వాన ఇంటి కప్పుల్ని లెక్కచేసేది కాదు. వంటింట్లో కూర్చున్నా తడిసిపోయేవారు.

ఒకతను దాన్ని బాగుచేశాడు. అతని లోకంలో వాన కప్పు మీదే ఆగి, చూరు వెంట జారేది. అతను దాన్ని దండెం మీద వెయ్యలేదు. తన లోకానికి తలుపు పెట్టాడు. తలుపు ముందు జనం బారులు తీరారు. నేసినామె అడిగితే, తర్వాత తెస్తానన్నాడు.

ఈలోగా దండెం మీది ఆకాశం మారుతూ వచ్చింది. ఒకరు పొగమంచు కలిపారు. ఒకమ్మాయి, దగ్గరికి వెళ్తే ఎగిరిపోయే పిట్టల్ని కలిపింది. కొత్త ఆకాశం వచ్చినప్పుడల్లా అతను దాన్ని ఇంటికి తెచ్చి, ఒకచోట కోసి, తన వానను అతికేవాడు. అతకడం ప్రతిసారీ ఇంకాస్త కష్టమయ్యేది. చివరికి కుట్టినచోటల్లా చిరగడం మొదలైంది. అతను పాత ఆకాశంతోనే ఉండిపోయాడు.

పిట్టలు ఎప్పుడొస్తాయని జనం అడిగారు. వస్తాయన్నాడు. ఒక్కొక్కరే రావడం మానేశారు. చూరు కింద నిలబడి వాన చప్పుడు వినడానికే వచ్చే ఒక పెద్దాయన మాత్రం చెప్పి వెళ్లాడు.

"వానకేం, బాగుంది నాయనా. నాతో మాట్లాడేవాళ్లే పిట్టలున్న లోకాలకి వెళ్లిపోయారు."

తలుపుంది, లోకం ఉంది, లోపల ఎవరూ లేరు. అతను వానను మడిచి చంకన పెట్టుకుని దండెం దగ్గరికి వెళ్లాడు. నేసినామె దాన్ని వెలుతురుకు ఎత్తి, తిరగేసి చూసింది.

"పని బాగుంది. ఇది అతికే ఆకాశమే ఇప్పుడు లేదయ్యా."

"మరేం చెయ్యాలి?"

"పోగులుగా విప్పి, మళ్లీ నెయ్యాలి."

దండెం పక్క అరుగు మీద నలుగురూ కూర్చుని నేస్తున్నారు. పిట్టలు చేసినమ్మాయి కాస్త జరిగి చోటిచ్చింది. "కూర్చో బాబాయ్. ఇన్నాళ్లూ గొడుగు కింద వండుకున్నాం. ఇంకాసేపు వండుకుంటాంలే."

అతను కూర్చుని విప్పసాగాడు. చేతికొచ్చిన ప్రతి పోగూ నేసినామెదే. ఆ నీలం, ఆ పురి, ఆమె చేతివే. తనది ఏదని వెతుక్కుంటూ పోయాడు. ఆఖరున, చూరు అంచు దగ్గర, సన్నటి పోగు ఒకటి దొరికింది.

దాన్ని వేలికి చుట్టుకుని తలెత్తి చూశాడు. ఎవరూ అతనివైపు చూడటం లేదు. ఎవరి పనిలో వాళ్లున్నారు.

తర్వాత వేలి నుంచి ఆ పోగు విప్పి అమ్మాయికి అందించాడు.

"ఇది ఊరికే తెగుతుంది," అన్నాడు. "రెండు ముళ్లు వెయ్యమ్మా."