ఒట్లు మానేసిన ఎలుగుబంటి

నల్లగుట్ట అడవిలో ఎండాకాలం వచ్చిన సంగతి ముందుగా తెలిసేది వాగుకే. పైన ఇసుక తప్ప ఏమీ మిగలదు. నీళ్లు కావాలంటే ఆ ఇసుకను తవ్వి చెలమ చేసుకోవాలి. సరిగ్గా అదే సమయానికి ఒడ్డున ఇప్పపూలు రాలతాయి. ఎలుగుబంటి గంగులుకు చిక్కంతా ఈ రెండూ ఒకేసారి రావడం వల్లే వచ్చింది.

తెల్లారగానే గంగులు ఇప్పచెట్టు కిందికి చేరేవాడు. రాలి, మగ్గి, పులిసిన పూలను కడుపునిండా తినేవాడు. ఆ మత్తులో పొద్దు వాలేదాకా పడి నిద్రపోయేవాడు. అంతటి గోళ్లు అడవిలో మరెవరికీ లేవు. అయినా సొంత చెలమ లేదు. నక్క పాపయ్య చెలమలో నీళ్లు తాగేవాడు. పాపయ్య ఊరికే తాగనివ్వడు, తేనెపట్టు తేవాల్సిందే.

"బావా, వానలు పడేలోపే నా చెలమ అడుగంటేలా ఉంది," అన్నాడు పాపయ్య ఒకరోజు తేనె నాకుతూ, ఇంకో పట్టు రాబట్టాలని. "అప్పుడిక నువ్వు ఊళ్లో బావి చూసుకోవాలి."

గంగులు గబగబా తల అడ్డంగా ఊపాడు. పోయిన ఎండాకాలం వాళ్లక్క ఆ బావికే వెళ్లింది. గట్టు లేని బావి. అక్క మళ్లీ రాలేదు.

"వద్దు. రేపట్నుంచి పువ్వు ముట్టను. నా చెలమ నేనే తవ్వుకుంటాను."

ఆ మాట పాపయ్యకు రుచించలేదు. గంగులు తవ్వుకుంటే తనకు తేనె ఎవరు తెస్తారు? అయినా పైకి మాత్రం నవ్వాడు.

"అంత మెల్లగా చెబితే ఎలా బావా? నీలాంటి మొనగాడు ఒట్టు వేస్తే అడవంతా వినాలి. చచ్చేదాకా ఒక్క పువ్వు తిననని, ఒక్క పూటలో నీళ్లు తెస్తానని వెయ్యి!"

గంగులు బండరాయి ఎక్కి గట్టిగా ఒట్టు వేశాడు. నెమళ్లు ఉలిక్కిపడి లేచాయి. మర్నాడు వాగులో దిగి, వీపు మాడేదాకా తవ్వాడు. నీళ్లు రాలేదు. ఆ మరుసటి ఉదయం నడుము లేవలేదు. ఎలాగో లేస్తే, కాళ్లు వాటంతటవే ఇప్పచెట్టు వైపు తిరిగాయి. ఒక్క పువ్వు నోట్లో వేసుకున్నాడో లేదో, పొదలోంచి పాపయ్య వచ్చాడు.

"అయ్యయ్యో బావా! ఒట్టు పోయిందే!"

"ఒక్కటే తిన్నాను."

"ఒకటైతే ఏంటి, బుట్టెడైతే ఏంటి? పోయింది పోయినట్టే. హాయిగా తినెయ్. వచ్చే ఏడు చూద్దువుగాని."

గంగులుకు అది న్యాయంగానే తోచింది. కడుపునిండా తిన్నాడు. లేచి చూసేసరికి తవ్విన గుంటలోకి ఇసుక జారి సగం పూడిపోయింది.

ఒడ్డున బొరియలో ఉండే ఏదుపంది కోటమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

"ఏరా గంగులూ, అరిచిన అరుపుకి నా పిల్లలు జడుసుకున్నారు. నీళ్లేవిరా?"

"నా వల్ల కాదు పెద్దమ్మా. నా మనసు గట్టిది కాదు."

"నీ మనసు నేను చూడలేదు. కాళ్లు చూశాను. లేవగానే ఎటు పోతావు?"

"వీపు గోక్కోవడానికి, మద్దిచెట్టు దగ్గరికి."

"అది ఎక్కడుంది?"

"ఇప్పచెట్టు పక్కన."

కోటమ్మ ముళ్లు గలగలలాడేలా నవ్వింది. "ఆ వాసన ముక్కుకి తగిలాక ఒట్లేం చేస్తాయిరా! నాకు ఎముకలు కొరికే యావ. తిండి మానేసి కొరికేదాన్ని. మానలేక, రాబందుల బండ దగ్గర్నుంచి ఇక్కడికి మకాం మార్చాను. దొరికితే ఇప్పటికీ కొరుకుతాను. ఇక్కడ దొరకవు, అంతే. నువ్వూ వాగులో ఉన్న ఆ తుమ్మ మొద్దుకి వీపు గోక్కో. గోక్కోగానే నాలుగు దోసిళ్ల ఇసుక తీసి, జారకుండా అంచున రాయి పెట్టు. తర్వాత నీ ఇష్టం."

"నాలుగు దోసిళ్లకి నీళ్లొస్తాయా?"

"రావు. రేపు మళ్లీ వీపు దురద పెడుతుందిగా."

గంగులు ఈసారి బండరాయి ఎక్కలేదు. పొద్దున్నే మొద్దుకి వీపు రుద్దుకుని, ఆ ఊపులోనే ఇసుక తీసేవాడు. కొన్ని రోజులు చెయ్యి ఆగేది కాదు. కొన్ని రోజులు నాలుగు దోసిళ్లు తీసి పోయి పడుకునేవాడు. గుంటలో ఇసుక తడిగా మారింది.

ఆ తడి చూసి పాపయ్యకు భయం పట్టుకుంది. గంగులు పూల దగ్గరికి రాకపోతే పూలనే గంగులు దగ్గరికి పంపాలనుకున్నాడు. నోటినిండా కరుచుకొచ్చి గుహ ముందు పోశాడు. పక్కమీంచి లేవకముందే వాసన కొట్టింది. గంగులు తినేశాడు. మత్తు దిగేసరికి ఎదురుగా పాపయ్య.

"మళ్లీ తప్పావు బావా."

"తప్పాను."

"ఇంకా తవ్వి ఏం లాభం?"

"ఏమో. వీపు దురదగా ఉంది. గోక్కోవాలంటే వాగులోకే పోవాలి," అంటూ గంగులు వెళ్లిపోయాడు.

ఒట్టుకి ఏం చెప్పాలో పాపయ్యకు తెలుసు. దురదకి ఏం చెప్పాలో తెలియలేదు. అయినా పట్టు వదలక రోజూ పూలు మోశాడు. గంగులు కొన్నిసార్లు తినేవాడు, ఎక్కువసార్లు కాలితో పక్కకు నెట్టి పోయేవాడు. కరుచుకొచ్చిన పూల రసం మాత్రం ప్రతిరోజూ పాపయ్య గొంతులోకి దిగేది. మొదట దారిలో ఒకటి మింగాడు. తర్వాత సగం మింగాడు. ఆ తర్వాత మోయడం మానేసి చెట్టు కిందే ఉండిపోయాడు.

గంగులు చెలమలో నీళ్లు ఊరిన వారమే అడవిపందులు పాపయ్య చెలమలో పడి పొర్లాయి. అరిచి తరమాల్సినవాడు మత్తులో ఉన్నాడు. లేచి వచ్చి చూస్తే చెలమ పూడిపోయింది.

పాపయ్య తూలుతూ గంగులు చెలమ దగ్గరికి వచ్చాడు. అక్కడ కోటమ్మ, ఆమె పిల్లలు నీళ్లు తాగుతున్నారు.

"బావా, నాలుక పిడచకట్టుకుపోయింది. ఒక్క గుక్క. తేనె ఎక్కడినుంచైనా తెస్తాను..."

"తేనె వద్దు. తాగు."

కోటమ్మ ముక్కు చిట్లించింది. "ఏమయ్యా పాపయ్యా, వాడి కోసం మోసిన పూల వాసన నీ నోట్లోంచి వస్తోందే?"

పాపయ్య తల దించుకుని కడుపారా తాగాడు. తర్వాత గంగులు మొహంలోకి చూశాడు.

"నువ్వూ అన్నిసార్లు తప్పావుగా బావా. నీకు నీళ్లెలా వచ్చాయి?"

"తప్పిన మర్నాడు కూడా వచ్చాను," అన్నాడు గంగులు.

నీతి: తప్పిన రోజును సాకుగా చేసుకోకుండా మర్నాడు మళ్లీ మొదలుపెట్టినవాడికే మంచి అలవాటు దక్కుతుంది.