తవిటయ్య ఇంటి రసాయన శాస్త్రం

చీపురుపల్లిలో తన ఇంటిని మించిన తెలివైన ఇల్లు లేదని తవిటయ్యకు గట్టి నమ్మకం. ఎండలో తిరిగితే తన నీడ నల్లబడిపోతుందని గొడుగేసుకునే మనిషి ఆయన. భార్య నూకాలు ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. గడియారం అలిసిపోతుందని మధ్యాహ్నం దాని బ్యాటరీ తీసి పడుకోబెట్టేది.

అలాంటి ఇంట్లో పుట్టిన పైడితల్లి పదో తరగతి సైన్సు తప్పింది. అదీ కర్బనం పాఠం దగ్గరే. మళ్ళీ రాసి గట్టెక్కితే పాలిటెక్నిక్. లేదంటే మేనత్త పచ్చళ్ళ కొట్లో సీసాలకు మూతలు బిగించే పని.

"పిల్ల తప్పడమేమిటి, పాఠమే తప్పయి ఉంటుంది. అందరం కలిసి చదువుదాం!" అని తవిటయ్య అప్పలాచారి మాస్టారిని ఇంటికి పిలిచాడు. ముగ్గురూ చాప మీద బుద్ధిగా కూర్చున్నారు.

"కర్బనానికి నాలుగు చేతులు. ఒక్కటీ ఖాళీగా ఉండదు. బొగ్గు నిండా ఉండేది కర్బనమే" అన్నారు మాస్టారు.

అంతే. ఆయన అటు వెళ్ళగానే బొగ్గుల బస్తా కుమ్మరించారు. ఎంత తిప్పి చూసినా ఒక్క బొగ్గుకీ చెయ్యి లేదు. "చేతులు విరిగిన సరుకు అంటగట్టాడే!" అని తవిటయ్య బస్తా భుజానేసుకుని బొగ్గుల కొట్టుకెళ్ళి దెబ్బలాడాడు. కొట్టువాడు, "చేతులున్నవి వచ్చేవారం వస్తాయి బాబూ" అన్నాడు. తవిటయ్య మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

మర్నాడు నూనెల పాఠం. "వేరుశనగ నూనెలో చాలా భాగం అసంతృప్తం. హైడ్రోజన్ అందితే సంతృప్తం అవుతుంది" అన్నారు మాస్టారు.

నూకాలు కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ మనింట్లోనే ఉండి తృప్తి లేకుండా బతికిందా? ఒక్కనాడైనా నోరు విప్పి చెప్పలేదండీ!"

తవిటయ్య మనసు కరిగిపోయింది. "హైడ్రోజన్ ఎక్కడుంటుందే పైడీ?"

"నీళ్ళలో నాన్నా!"

ఇంకేముంది! నూనె డబ్బాలో చెంబులకు చెంబులు నీళ్ళు గుమ్మరించారు. నీళ్ళు అడుక్కి పోయాయి, నూనె పైకి తేలి డబ్బా అంచు దాటి ఇల్లంతా పారింది. "చూశావా, సంతోషంతో ఎలా పొంగిపోతోందో!" అని తవిటయ్య మురిసిపోయాడు.

సాయంత్రం వచ్చిన మాస్టారు గడప దగ్గర జారి గోడ దాకా వెళ్ళారు. "సబ్బుతో కడగండయ్యా! సబ్బు అణువుకి ఒక తల, ఒక తోక. తల నీళ్ళను పట్టుకుంటుంది, తోక నూనెను పట్టుకుంటుంది" అని నడుం పట్టుకుని వెళ్ళిపోయారు.

సబ్బుబిళ్ళకు తల ఎటో తేలలేదు. నూకాలు ఒక చివర బొట్టు పెట్టి, "ఇదే తల" అంది.

"తలకి కళ్ళుంటాయి కదమ్మా? నీళ్ళలో ముంచితే సబ్బుకి కళ్ళు మండవూ?" అంది పైడితల్లి.

కూతురి తెలివికి తవిటయ్య ఉబ్బిపోయాడు. తల తడవకుండా, నీళ్ళు పొయ్యకుండా తోకతోనే నేల రుద్దారు. నూనె వదల్లేదు. పరీక్షనాడు పైడితల్లి వీధిగుమ్మం దాకా జారుకుంటూనే వెళ్ళింది.

బడి గేటు బయట నూకాలుతో కలిసి కాచుకున్న తవిటయ్యకు మొదటిసారి భయం వేసింది. పచ్చళ్ళ సీసాలు కళ్ళముందు కదిలాయి. ఇంతలో కూతురు నవ్వుతూ వచ్చింది.

"మీథేన్ మండే సమీకరణం ఇచ్చి, రెండువైపులా సమానమయ్యేలా తుల్యం చెయ్యమన్నారు నాన్నా. ప్రశ్నపత్రం బాణం గుర్తు దగ్గర చింపి, రెండు ముక్కల్నీ స్కేలుకి చెరో చివర పెట్టి తూచాను. కుడివైపు మొగ్గింది. అటు కాస్త చింపి నమిలి మింగేశా. సరిగ్గా సరిపోయింది! మిగతాది జవాబుపత్రానికి కట్టి ఇచ్చేశా."

తవిటయ్య కూతుర్ని గట్టిగా వాటేసుకున్నాడు. అంతలోనే ఆయన మొహం పాలిపోయింది. "కుడివైపుది నీ కడుపులో ఉంది. ఎడమవైపుది లేదు. మరి నీ తుల్యం ఏం కావాలే?"

"అయ్యో, పిల్ల అప్పుడే కుడిపక్కకి ఒరుగుతోందండీ!" అని నూకాలు గుండె బాదుకుంది. అనగానే పైడితల్లి నిజంగానే ఒరిగింది.

ఇంకేముంది! తల్లి పిల్లని ఎడమకి లాగి పట్టుకుంది. తవిటయ్య గేటు దూకి, "బాబ్బాబు, ఎడమవైపుది ఒక్క చిన్న ముక్క ఇప్పించండి, మా పిల్ల మింగాలి!" అని అరుచుకుంటూ పరీక్ష హాల్లోకి పరుగెత్తాడు.